రెండో గ్రాఫు తీయను

ఆఫీసులో ఆమెను అందరూ మొండిఘటం అనేవారు. ఆ పేరు పెట్టింది సొంత అన్నయ్యే. ఇద్దరూ కలిసి పెట్టిన చిన్న కంపెనీ అది. ఏ రక్తం ఎక్కడ నిల్వ ఉందో ఆసుపత్రులకు వెతికిపెట్టే యాప్ నడుపుతున్నారు.

ఈమధ్య ఆ యాప్ నత్తనడక పట్టింది. నర్సులు ఫోన్లు చేసి దులిపేస్తున్నారు. అన్నయ్య ఏదో సదస్సుకు వెళ్లొచ్చి, "పట్టికల్లో సమాచారం దాచే ఆ పాత రిలేషనల్ డేటాబేస్ ఎత్తేద్దాం. కొత్తరకం డేటాబేస్ నోఎస్‌క్యూఎల్‌కి మారుతున్నామని ఆసుపత్రుల వాళ్లకి మాటిచ్చేశా" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. "పరీక్ష పెట్టకుండానే?"

ఒకే కంప్యూటరు మీద, ఒకే సమాచారంతో రెండింటినీ పరుగెత్తించింది. దాత వివరాలన్నీ ఒకే మూటగా దాచే నోఎస్‌క్యూఎల్, ఆ మూటను చిటికెలో తెచ్చిచ్చింది. కానీ ఫలానా గ్రూపు రక్తం, గడువు తీరనిది, ఎవరికీ కేటాయించనిది, దగ్గర్లో ఎక్కడుందని అడిగితే, ఆ మూటనీ ఈ మూటనీ కలిపి చూసుకునేసరికి దానికి ఆయాసం వచ్చింది. పట్టికల్ని కలిపి చూడటమే పనిగా పుట్టిన పాతదానికి లోటల్లా పుస్తకం చివరి పదసూచికలాంటి ఒక్క ఇండెక్సు. అది పెట్టగానే దూసుకుపోయింది. మూట తెచ్చే వేగాన్ని ఒక గ్రాఫుగా, ఈ వెతుకులాట వేగాన్ని రెండో గ్రాఫుగా గీసింది.

అన్నయ్య రెండు గ్రాఫులూ చూసి గొంతు తగ్గించాడు. "మొదటిది చాలు. రెండోది తీసెయ్."

"తీయను."

"నా పరువేం కావాలే?"

"నీ పరువు కోసం రోగుల్ని కాచుకుని కూర్చోమనాలా?"

ఆసుపత్రుల వాళ్లతో సమావేశంలో ఆమె రెండూ చూపించింది. అన్నయ్య బల్ల కింద కాలు తొక్కాడు. ఆమె కాలు లాక్కుని మాట్లాడుతూనే ఉంది. "నోఎస్‌క్యూఎల్ కావాలనేందుకు మన సమాచారం కొండంత కాదు, ఒక్క కంప్యూటరులో పట్టేస్తుంది. రేపు అంత పెరిగితే మళ్లీ పరీక్ష పెడదాం. ఇవాళ మాత్రం మారక్కర్లేదు."

"రోజంతా మేం చేసేది ఆ రెండో రకం వెతుకులాటేనమ్మా," అంది హెడ్‌నర్సు. మిగతా ఆసుపత్రుల వాళ్లూ పాతదే ఉంచమన్నారు.

ఆ తర్వాత అన్నయ్య ఆమెతో మాట్లాడటం మానేశాడు. పక్క కుర్చీలోనే ఉండి, ఏది కావాలన్నా అక్కడే లెక్కలు చూసే వదినతో కబురు పంపేవాడు.

"పోనీ ఒక్కసారి తప్పైందని అనరాదూ?" అని బతిమాలింది వదిన.

"తప్పు చేస్తే అంటాను వదినా. రక్తం వెంటనే దొరుకుతోందిగా, అన్నయ్య మూతి ముడుచుకుంటే ముడుచుకోనీ" అని అతనికి వినపడేలాగే అనేసి, మళ్లీ పనిలో పడింది.