స్విచ్చు మీద చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అక్క ఎప్పుడూ అంటుంది. ఉండదా మరి? సౌండు సెట్లు అద్దెకిచ్చేవాడి బతుకే అలాంటిది. పాట బాగుంటే పాడినవాళ్లకి చప్పట్లు, మైకు కుయ్యిమంటే మాకు తిట్లు. అయినా నేనీ పని వదల్లేదు సరికదా, అక్క కూతురు కూడా నా దగ్గరే ఈ పనిలోకి దిగింది. చదువుకున్న పిల్ల, చక్కగా నీడపట్టున కూర్చోక స్పీకర్లు మొయ్యడమేమిటని అక్క నన్ను దులిపేసింది. పిల్లకి మంచి చెవి ఉంది. చెవి ఉన్నవాళ్లని ఎవరాపగలరు?

ఇప్పుడు చెప్పేది సంగీతం టీచరుగారి కార్యక్రమం సంగతి. ఆవిడకి గొంతులో కణితి వచ్చింది. మర్నాడే ఆపరేషన్. ప్రాణానికేం భయం లేదు గాని, గొంతు మళ్లీ ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేమన్నారట డాక్టర్లు. అందుకని తన దగ్గర నేర్చుకున్నవాళ్లందరినీ ఆ సాయంత్రం ఒక హాల్లో కూడగట్టారు. పిల్లల డాన్సులయ్యాక చివర్న తనొక పాట పాడతానన్నారు. పొద్దున్నే ఫోను చేసి నన్ను అడిగింది ఒక్కటే.

"స్పీకర్లు ఎలా మోగినా ఫర్వాలేదు బాబూ. నా గొంతు మాత్రం రికార్డు చేసి దాచిపెట్టండి."

మధ్యాహ్నమే హాలుకి చేరాం. వైర్లన్నీ నేనే కలిపాను. పాటల్నీ మైకునీ కలిపి పంపే డీజే మిక్సరు వెనక మాస్టర్ అని రాసి ఉన్నచోటి నుంచి యాంప్లిఫయరుకి, అక్కణ్ణుంచి స్టేజీకి అటూ ఇటూ ఉన్న స్పీకర్లకి. రికార్డ్ అని రాసి ఉన్నచోటి నుంచి రికార్డరుకి. కరెంటు మాత్రం అన్నిటికీ ఒకే బోర్డు నుంచి ఇచ్చాను. తలో చోటి నుంచి ఇస్తే స్పీకర్లలో తుమ్మెద దూరినట్టు ఒకటే మోత. ముందు మిక్సరు, అన్నిటికన్నా చివర యాంప్లిఫయరు వేసి ఒక పాట పెట్టాను. రికార్డరు మీది దీపాలు పాటతోపాటు ఎగిరెగిరి పడ్డాయి. మైకులో హలో అన్నాను. హాలంతా ఖంగుమంది. ఇంకేం, పనైపోయింది, టీ తాగొద్దాం పదమన్నాను.

పిల్ల కదల్లేదు. పాట ఆపేసి, తను కూడా మైకులో మాట్లాడుతూ రికార్డరు వంకే చూస్తూ నిలబడింది. మాట హాలంతా వినిపిస్తోంది. రికార్డరు మీద ఒక్క దీపమైనా వెలగలేదు. ఆ మిక్సరు మేం కొత్తగా కొన్నది. దాన్ని తయారుచేసిన మహానుభావుడు మైకుని స్పీకర్లకి పంపాడు గాని, రికార్డరుకి వెళ్లే దారిలోకి పంపలేదు. నేనేమో పాట పెట్టి చూసుకుని సంబరపడ్డాను. ఇన్నేళ్ల అనుభవం పెట్టుకుని పప్పులో కాలేశాను.

పిల్ల వ్యానులోంచి మా పాత చిన్న మిక్సరు తెచ్చి, మైకుని దానికి గుచ్చి, అందులోంచి వచ్చే వైరుని డీజే మిక్సరులో పాటలు పెట్టే చానల్‌కి ఇచ్చింది. ఇప్పుడు టీచరుగారి గొంతు కూడా పాట వెళ్లే దారినే వెళ్తుంది. మళ్లీ హలో అంది. దీపాలు వెలిగాయి. ఇప్పుడు పద మామయ్యా, టీ తాగుదాం అంది. ఎంత పొగరో! నాకు భలే నచ్చింది.

డాన్సులు బాగానే నడిచాయి. బట్టలు మార్చుకున్న పిల్లలు విడిచినవన్నీ తెచ్చి యాంప్లిఫయరు వెనక కుప్పపోశారని మాకు తర్వాత తెలిసింది. లోపలున్న ఫ్యానుకి గాలాడక అది లోలోపల ఉడికిపోయింది. టీచరుగారు పక్కవాద్యాలేమీ లేకుండా చివరి పాట అందుకుని, రెండో చరణంలోకి వచ్చేసరికి స్పీకర్లు టప్పున మూగబోయాయి.

సెట్టు మొరాయిస్తే బోర్డు ఆపి మళ్లీ వెయ్యడం నాకు ఏనాటి నుంచో అలవాటు. చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయింది. పిల్ల నా మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి తియ్యి మామయ్యా. రికార్డరు కూడా ఆ బోర్డు మీదే ఉంది."

గట్టిగా అనలేదు. కాని ఆ మాటకి నా వేలు దానంతటదే పైకి లేచింది. నిజమే, పాట మిక్సరులోంచి నేరుగా రికార్డరులోకి పోతోంది. యాంప్లిఫయరు ఆగితే దానికేం? నేను స్విచ్చు నొక్కితేనే అంతా పోయేది.

స్టేజీ మీద టీచరుగారు తడబడ్డారు. పాట ఆగలేదు గాని సన్నబడింది. మా వైపు చూశారు. పిల్ల లేచి నిలబడి, రికార్డరుని వేలితో చూపించి, కానివ్వండన్నట్టు సైగ చేసింది. ఆవిడ పిల్ల ముఖంలోకి ఒక్క క్షణం చూసి, కళ్లు మూసుకుని మళ్లీ అందుకున్నారు. వెనక వరసలవాళ్లు చప్పుడు కాకుండా ముందుకొచ్చి నడవలో కూర్చున్నారు. హాల్లో ఎవరూ దగ్గనైనా లేదు. సౌండు అమ్ముకుని బతికేవాణ్ణి, స్పీకరు లేకుండా పాటని అలా ఎన్నడూ వినలేదు. నిజం చెప్పొద్దూ, నేను చూస్తున్నది మాత్రం మా పిల్లనే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆవిడ గొంతు దిగినప్పుడల్లా మిక్సరు మీది మీటని వెంట్రుకవాసి జరుపుతోంది. నా గుండె ఉప్పొంగిపోయింది. మా అక్క అక్కడ లేనందుకు ఎంత బాధపడ్డానో చెప్పలేను.

పాట అయ్యాక టీచరుగారు తిన్నగా మా దగ్గరికి వచ్చారు. అలవాటు కొద్దీ నన్నే అడిగారు, గొంతు వచ్చిందా అని. చుట్టూ జనం మూగారు. మామూలుగా అయితే అలాంటప్పుడు ఛాతీ విరుచుకుని ముందు నిలబడేది నేనే. ఆ పూట పక్కకి తప్పుకున్నాను.

"నన్నడక్కండమ్మా. మా ఇంజినీరుగారిని అడగండి," అన్నాను.

పిల్ల తన హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవులకి పెట్టింది. ఆవిడ నిలబడే పాటంతా విన్నారు. తడబడినచోట చిన్నగా నవ్వారు. చివర్న హెడ్‌ఫోన్లు తీసి, పిల్ల చెంప నిమిరారు.

"రేపు మత్తు ఇస్తే హాయిగా నిద్రపోతాను," అన్నారు.