పందిరి లేని చలివేంద్రం

2024 జూలై 9, మంగళవారం. ఒసోయూస్‌లో పొద్దున పదిన్నరకే ముప్పై ఎనిమిది డిగ్రీలు, మధ్యాహ్నానికి నలభై దాటుతుందన్నారు. గాలి లేదు. పడమటి కొండల వెనక ఎక్కడో అడవి తగలబడుతున్న పొగ సరస్సు మీద పలచగా పరుచుకుని ఉంది. సలోమి గారు ఎప్పటిలాగే కారు డిక్కీలోంచి మజ్జిగ బిందె దింపించి, ఎడారిలోకి పోయే చెక్కబాట మొదట్లో, పార్కింగ్ పక్కన బల్ల మీద పెట్టించారు.

కెనడాలో ఎడారేమిటని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉంది, బ్రిటిష్ కొలంబియా దక్షిణపు కొసన, అమెరికా సరిహద్దుకి ఆనుకుని. బాగా చదువుకున్నవాళ్ళు దాన్ని ఎడారి అనకూడదంటారు, పొదల మైదానమట. ఊళ్ళోవాళ్ళకి ఆ వాదన పట్టదు. చెర్రీ తోటలో స్ప్రింక్లర్ నీళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఎడారి మొదలని వాళ్ళ లెక్క. ఇటు అడుగు వేస్తే పచ్చగడ్డి, అటు వేస్తే ఇసక, బూడిదరంగు సేజ్ పొదలు, అప్పుడప్పుడు తోక గిలక్కాయలా ఆడించే పాము. వాంకూవర్ నుంచి వచ్చినవాళ్ళు పొదని ఫోటో తీసుకుంటారు. ఇక్కడివాళ్ళు ఓ ఆకు నలిపి వాసన చూసి జేబులో వేసుకుపోతారు. ఆ ఇసకలో ఓ రకం కప్పలు కూడా ఉన్నాయి, వాన పడేదాకా మట్టిలోనే నిద్ర. వాటి సంగతి ఎత్తుకుంటే ఈలోగా మజ్జిగ వేడెక్కిపోతుంది.

సలోమి గారి చలివేంద్రానికి పందిరి లేదు. అవసరం రాలేదు. ఆవిడ ఎక్కడ నించుంటే అక్కడ, మిట్టమధ్యాహ్నమైనా సరే, చుట్టూ పదిమంది పట్టేంత నీడ పడుతుంది. తాటాకు పందిరి నీడ, ఆకుల సందుల్లోంచి దిగే సన్నటి ఎండ గీతలతో సహా. పాలకొల్లులో చర్చి ముందు ఎండాకాలమంతా మంచినీళ్ళు పోసిన తండ్రి, ఓపిక తగ్గాక తన ఇత్తడి ముంత కూతురి చేతికిచ్చాడు. దాంతోపాటు ఇదీ వచ్చింది. ఆవిడ నర్సు ఉద్యోగానికి ఈ దేశం వస్తే నీడా వచ్చింది.

ఊరు ఎప్పుడో అలవాటు పడిపోయింది. ఆవిడ బల్ల జరిగితే కుర్చీలూ జరుగుతాయి. కొత్తవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి, పైన ఏమీ లేదని గ్లాసు అందుకుంటారు. ఒక్కాయన మాత్రం ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చి, నీడ నాలుగింటికే ప్రార్థనకి వెళ్ళిపోయిందని రాశాడు.

కొడుకు క్రిస్టో ఓ శీతాకాలం తల్లిని హామిల్టన్ తీసుకెళ్ళాడు. ఫిబ్రవరి చలిలో ఆవిడ బస్‌స్టాప్‌లో నించుంటే జనం ఒక్కొక్కరే జరిగి ఎండలోకి పోయారు. నెల తిరక్కుండా ఆవిడ వెనక్కి వచ్చేశారు. అలాగని ఈ ఊరు నచ్చిందనీ కాదు. కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషి. ఇదేం నేల, ఆకు ఉండాల్సిన చోట ముల్లు, అని ముప్పై ఏళ్ళుగా సణుగుతూనే మజ్జిగ పోసేవారు.

ఆవిడని చెక్కబాట మీద మొదటిసారి నడిపించింది నీరజ. అనంతపురం పిల్ల, భర్త అభిరామ్‌కి వైనరీలో పని. వానకి తడిసిన సేజ్ వాసన తగిలి ఆ రోజు ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "మా కొండ వాసనే ఇది. మీ గోదారోళ్ళకి నీళ్ళుంటేనే నేల ఆంటీ. మాకు ఇట్లాంటిదే నేల," అంది.

అలాంటి నీరజకి కిందటేడు లూపస్ అని తేలింది. కాస్త ఎండ తగిలితే చాలు, మొహమంతా ఎర్రగా పొక్కి, కీళ్ళు పట్టేసి మంచమెక్కుతోంది. ఇక్కడ ఉండొద్దని డాక్టర్ తేల్చేశాడు. ఆ మంగళవారం పొడుగు చేతుల చొక్కా, టోపీ, గొడుగుతో వచ్చింది.

"శనివారం బయల్దేరతాం ఆంటీ. హాలిఫాక్స్. అక్కడ ఎప్పుడూ మబ్బేనంట."

"మబ్బులో ఏం చేస్తావే?"

"ఉతికిన బట్టలు ఎప్పుడారతాయా అని చూస్తా కూర్చుంటా."

యోగానంద్ గారు నవ్వబోయి మానుకున్నారు. రిటైరైన జియాలజీ ప్రొఫెసర్, రోజూ మడతకుర్చీతో వచ్చి, ఉప్పు తక్కువైందంటూనే రెండో గ్లాసు అడిగే మనిషి.

సలోమి గారు ఇంకో గ్లాసు నింపారు. తర్వాత చెయ్యి లాగుతోంది, నువ్వు పొయ్యమ్మా అని ముంత ఇచ్చి కూర్చున్నారు. గొడుగు మడిచి నీరజ పోస్తోంది. అంతలో పార్కింగ్ ఆ చివర, వాన్‌లోంచి దిగిన ఓ ముసలావిడ తూలి తారు మీద కూలబడింది. నీరజ ముంత నింపుకుని పరిగెత్తింది. యోగానంద్ గారు గొడుగు, గొడుగు అని వెనకనుంచి అరిచారు. అప్పటికే సగం దూరం పోయింది.

నీడ కూడా పోయింది. బల్ల మీంచి, కుర్చీల మీంచి జారి, ఎండ గీతలతో సహా తారు మీద పాకుతూ నీరజ కాళ్ళని అందుకుని, ఆమెనీ ఆ ముసలావిడనీ కప్పింది. మజ్జిగ తాగుతున్నవాళ్ళంతా కుర్చీలు ఎత్తుకుని అటు నడిచారు.

సలోమి గారు ఒక్కరే ఎండలో మిగిలారు. అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. "అబ్బో, ఇంత వేడా ఇక్కడ? ఇన్నేళ్ళూ మీరు ఊరికే గోల పెడుతున్నారనుకున్నా."

యోగానంద్ గారు చెయ్యి పట్టి ఆవిడని నీడలోకి తెచ్చారు. నీరజ కిందికి చూసి, చుట్టూ చూసి, బెదిరిపోయి ముంత సలోమి గారి ముందు పెట్టింది. "ఆంటీ, మీది. నేను అడగలేదు."

ఆవిడ ముంత తీసి మళ్ళీ ఆ పిల్ల చేతిలో పెట్టి వేళ్ళు మూశారు. "పందిరికి రాటలా నిలబడ్డానే ఇన్నాళ్ళూ. రాటకేం తెలుస్తుంది చల్లదనం? కాసేపు నన్ను కూర్చోనీ."

"మరి శనివారం..."

"ముందు ఆ పడిపోయినావిడకి ఇంకాస్త పొయ్యి."

శనివారం అభిరామ్ కట్టిన పెట్టెలు విప్పాడు.

సలోమి గారు ఆ తర్వాతి మార్చిలో నిద్రలోనే పోయారు. ఇల్లు క్రిస్టోకి. గాజులూ బైబిలూ కూతురు స్టెఫీకి. బిందె, ముంత, నీడ నీరజకి. యోగానంద్ గారికి ఏమీ రాలేదు. రోజూ కుర్చీ తెచ్చుకుని, ఉప్పు తక్కువైందని ఇప్పుడు నీరజతో అంటూ, రెండో గ్లాసు అడుగుతున్నారు.