వైవాకు వచ్చిన ఓణి

మా అమ్మ గంగాభవానికి ఏ పనీ సగం సగం చేయడం చేతకాదు. నా పీహెచ్‌డీ వైవాకు ఎవరైనా రావచ్చు, అడగదలచుకున్నది అడగవచ్చు అని నోరు జారానో లేదో, రాయచూరులో మేముండే వీధి, మేము ఓణి అంటాం, అది మొత్తం తిరిగి ఇంటింటికీ బొట్టుపెట్టి పిలిచి వచ్చింది. వైవా అయ్యాక పరిశోధకురాలి ఇంటివాళ్లు భోజనం పెట్టడం మా విభాగంలో ఆనవాయితీ. పరీక్షకులకు సరిపడా చేయమంటే, పెళ్లికి వండించినట్టు అమ్మ హోళిగెలు, అదే బొబ్బట్లు, చేయించింది.

నా సిద్ధాంతవ్యాసం తెలుగు కథల్లో, సినిమాల్లో ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్ల గురించి. అమ్మకు మాత్రం ఆడవాళ్ల కథలు అని చెప్పి ఊరుకున్నాను. ముందు వరసల్లో పట్టుచీరలు కట్టుకుని కూర్చున్న ఓణిని చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా గైడు ప్రాణేశ్ సార్ మెల్లగా దగ్గరికి వచ్చి, ఈ పూటకు ప్రేమ అనకుండా స్నేహం అని గట్టెక్కెయ్యమన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ ఆడవాళ్లందరినీ లోకం స్నేహితురాళ్లు అని చెప్పే కదా దాచిపెట్టింది! నేనూ అదే పని చేస్తే ఇన్నేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే ప్రేమ అనే అన్నాను. కథల్లో వాళ్లకు బలవంతంగా పెళ్లి చేస్తారు, లేకపోతే బావిలో దూకిస్తారు. సినిమాల్లో అయితే నవ్వుకోవడానికి వాడుకుంటారు. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. ఓణిలో గుసగుసలు మొదలయ్యాయి.

మా మేనమామ శ్రీరాములు లేచాడు. "గివన్నీ నీకెందుకు బిడ్డా? సదవనీకి ఇంకేం దొరకలేదా?"

"నేను గసొంటిదాన్నే మామా. నాలెక్క ఉన్నోళ్లు కథలల్ల ఎట్ల బతికిన్రో చూద్దామని సదివిన."

చెప్పాక భయం వేయలేదు, గర్వంగా ఉంది. అమ్మ ముఖం ఒక్కటే చూడలేకపోయాను. మాట మార్చడానికి కాబోలు, ఇంకెవరైనా అడుగుతారా అన్నారు అధ్యక్షులు. అమ్మ లేచి నిలబడింది.

"బిడ్డ గిట్లని చెప్తే, ఆ కథలల్ల తల్లి ఏం జేసింది?"

చాలా కథల్లో తల్లి ఊసే లేదని, ఉన్నచోట మొహం మీద తలుపు వేసిందని చెప్పాను.

అమ్మ కొంగు సర్దుకుంది. "ఐతే నాది గూడ రాస్కో. రాయచూరుల ఒకామె, గీ బిడ్డ నాదే అని ఓణందరికి బువ్వ పెట్టింది."

తర్వాత అటు తిరిగి, లేవమని, హోళిగెలు చల్లారిపోతున్నాయని ఓణిని తొందరపెట్టింది. మోకాళ్లను తిట్టుకుంటూ ముందు పక్కింటి రంగవ్వ లేచింది. ఆమె వెనక ఒక్కొక్కరే కదిలారు. శ్రీరాములు మామ అందరికంటే ఆఖరున వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. అమ్మ ఆయనకు నెయ్యి కొంచెం తక్కువే వేసింది.