బెయాతె చెప్పిన మాట

చెవి కింద గడ్డ లేచిన రెండు నెలలకు గానీ మా ఎనోక్ మామయ్య డాక్టరు దగ్గరికి రాలేదు. మంచు కింద వేసిన గాలాలు, కుక్కలకు మేత, స్లెడ్జి బాగుచేసుకోవడం, అన్నీ అయ్యాకే ఆ మహానుభావుడికి ఒంటి సంగతి గుర్తొచ్చింది.

ఆయన పక్కన ఏడేళ్ల మనవరాలు బెయాతె కూర్చుంది. మామయ్య వాళ్లమ్మ పోయిన నెలకే పుట్టింది కనుక ఆవిడ పేరే పెట్టాం. మా గ్రీన్‌లాండ్‌లో పేరు పెడితే మనిషి తిరిగొచ్చినట్టే. అందుకే మామయ్య దాన్ని ‘అమ్మా’ అంటాడు, నేను ‘అమ్మమ్మా’ అంటాను, అది ఆయన్ని కొడుకులాగే ‘నాన్నా’ అని గారం చేస్తుంది.

డెన్మార్క్ నుంచి ఆరు వారాలకని వచ్చిన కుర్ర డాక్టరు ట్రోల్స్ గడ్డను నొక్కి చూశాడు. ఇద్దరి మధ్యా ఈ నుకాకానే దుబాసీ.

“ఇలాంటివి పదింట్లో ఎనిమిది ఏమీ చేయవు” అన్నాడు.

అది వాళ్ల దేశం లెక్క. లాలాజల గ్రంథి క్యాన్సర్ మా జనంలో బయటివాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మాటే చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. పెద్దాసుపత్రికి వెళ్లే హెలికాప్టర్‌లో ఒక్క సీటే మిగిలింది. దాని కోసం మోకాలు వాచిన మనిషి ఒకడు బయట కాచుకుని ఉన్నాడు. తుఫాను వస్తోంది, తరువాతి హెలికాప్టర్ ఎప్పుడో ఎవరికీ తెలీదు.

“వీళ్లమ్మకు గానీ ఇది వచ్చిందా? వచ్చుంటే ఈయన్నే పంపిస్తా. అడగండి.”

అడిగాను.

“మా అమ్మకేం? గుండ్రాయిలా ఉంది. ఇదిగో, బిస్కెట్ తింటోంది” అన్నాడు మామయ్య.

ముసలి బెయాతె ఈ గడ్డతోనే పోయింది. ఆ మాట పైకి అంటే పేరు వెంట జబ్బు కూడా పిల్లకు వచ్చేస్తుందని మామయ్య భయం. చదువుకున్నానన్న మాటే గానీ నా భయమూ అదే. “ఆవిడ బాగానే ఉందట” అని డాక్టరుకు చెప్పేశాను. ఆయన రాసుకుని, మోకాలు మనిషిని పిలవమన్నాడు.

హెలికాప్టర్ చప్పుడు వినబడింది. గండం గడిచినట్టు మామయ్య చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఆయన మీదకన్నా నా మీదే ఎక్కువ.

పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాను. “అమ్మమ్మా, నీ కొడుకు ఉత్త మొండివాడు. నా మాట వినడు. నువ్వు చెప్పు.”

“నుకాకా! నోర్ముయ్!” అని కసిరాడు మామయ్య.

బెయాతె బిస్కెట్ పక్కన పెట్టి మూతి తుడుచుకుంది. ఇంట్లో ఆడవాళ్ల గుసగుసలన్నీ అది వింటూనే ఉందని మాకేం తెలుసు?

“నాక్కూడా అక్కడే వచ్చింది కదా నాన్నా. చేపల పని అయ్యాక వెళ్దామనుకున్నా. నువ్వలా చెయ్యకు.”

మామయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను డాక్టరు వైపు తిరిగాను. “తప్పు చెప్పాను. వాళ్లమ్మ దీంతోనే పోయింది. రాయండి.” ఆయన ముందు రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు.

హెలికాప్టర్ దగ్గర మామయ్య తొడుగు తీసి, వేళ్లతో పిల్ల చెవుల కింద తడిమాడు. మళ్లీ తడిమాడు.

“ఈసారి నాకు రాలేదులే” అంది బెయాతె. “ఎక్కు నాన్నా.”

తల్లి మాట కదా, ఎక్కాడు.