జంబేరి కన్ను

కాలేజీకి బయలుదేరే ముందు ఫరీన్ రోజూ ద్వారబంధానికి చెంబెడు నీళ్ళు పోస్తుంది. రెండేళ్ళ కిందట ఆ చెక్కలో ఆమె కట్టిన గులాబి ఇప్పుడు కప్పు దాకా పాకింది. కొమ్మ మీది మొగ్గను తొక్కతో సహా తీసి మరోచోట కట్టడాన్ని కన్ను కట్టడం అంటారు. ఫరీన్ కడితే దేనికైనా పడుతుంది. ఎదురింటి హనుమక్క తన ఎద్దు కొమ్ముకు మల్లె కట్టించుకుంది. అది చాలక, "రెండో కొమ్ముకు సన్నజాజి కట్టు పాపా" అని ప్రాణం తీస్తోంది.

ఫరీన్ పండ్ల తోటల చదువు చదువుతున్నది మార్కుల కోసం కాదు, నర్సరీ నడిపే చంద్రమోహన్ కోసం. చీనీ, అంటే బత్తాయి, కన్ను కట్టేది జంబేరి అనే పుల్లటి ముళ్ళ నిమ్మ మొదలు మీద. ఆ కన్ను చచ్చి, కింది జంబేరి మాత్రమే పెరిగిన మొక్కల ముళ్ళు గిల్లి, చీనీ మొక్కలని ఆమె నాయన ఖాజాకు అంటగట్టినవాడు అతనే. శెనక్కాయ తప్ప ఎరగని ఖాజా ఆకులు పచ్చగా ఉన్నాయని నమ్మాడు. ట్యాంకర్లతో నీళ్ళు తోలి పెంచాడు. ఐదో ఏట నోట పెట్టలేని పులుపు కాసింది. అడగబోతే చంద్రమోహన్ పదిమందిలో నవ్వాడు. "నీళ్ళు పోసేది రాదు గానీ, నా మొక్కలకు వంక పెడతాండావా?" ఆ రోజు నుంచి ఖాజా మనుషుల్లోకి రావడం మానేశాడు.

ఆ నర్సరీకే కాలేజీ వాళ్ళు పిల్లల్ని పని నేర్చుకోమని తీసుకుపోయారు. గొప్పగా కత్తి ఆడించి చూపబోయి చంద్రమోహన్ బొటనవేలు కోసుకున్నాడు.

"నేను కడతా సార్" అని ఫరీన్ ముందుకొచ్చింది.

"ఎవరి బిడ్డవమ్మా నువ్వు?"

"ఖాజా కూతుర్ని సార్. మీ దగ్గర చీనీ మొక్కలు కొన్న్యాడు."

"ఏ ఖాజా?"

అంతవరకూ ఆమెకు కాస్త జంకుగానే ఉండింది. ఆ మాటతో అది కాస్తా పోయింది. జంబేరి కన్ను ఒకటి ఆ కోతలో పెట్టి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టింది.

"మూడు వారాలు ఇప్పొద్దు సార్."

విప్పేసరికి వేలి మీద ముళ్ళ చిగురు. మొక్కల కోసం వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "ఇది జంబేరి గదప్పా! నీ చేతిలో ఇదేనా కాసేది?" అని తిరిగిపోయారు. కోసేస్తే రెండు చిగుళ్ళు వచ్చాయి. ఆపైన నెల తిరక్కుండా అతను ఖాజా ఇంటి ముందు నిలబడ్డాడు.

"తీసెయ్యి తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఫరీన్ ఆ చెయ్యి తిప్పి చూసింది. "బాగా పట్టింది సార్. వేరు భుజం దాకా పోయినాది. పీకితే చెయ్యి పోతాది. నీళ్ళు పోసుకుంటా ఉండండి. ఐదేండ్లకు కాస్తాది. తీపి కాసిందంటే అప్పుడు రాండి, తీసేస్తా."

మంచం మీదున్న ఖాజా లేచి కూర్చున్నాడు.

ఏడాది తిరిగింది. ఇప్పుడు నర్సరీకి తాళం. చంద్రమోహన్ దాని ముందు స్టూలేసుకుని, మూడు పూటలా వేలికి నీళ్ళు పోసుకుంటాడు. "పూత వచ్చిందా అన్నా?" అని దారిన పోయేవాళ్ళు అడుగుతారు. "ఇంకా లేదప్పా" అంటాడు. బస్సు కిటికీలోంచి ఆ మాట విన్న రోజు ఫరీన్ కడుపుమంట కొంచెం చల్లారింది. పూర్తిగా చల్లారడానికి ఇంకా నాలుగేళ్ళు పడుతుంది.