చావలేదు, పెరగలేదు

కుక్కర్ మూత బిగిస్తుంటే అత్తగారు వెనకనుంచి అన్నారు: "పాచి గీకడానికి అంత దూరం పోవాలా? మన బాత్రూమ్‌లోనే బోలెడుంది." మా ఆయన పేపరు చాటున నవ్వారు. పన్నెండేళ్ల కూతురు నా ముఖం చూసి నవ్వు దిగమింగుకుంది.

నాది పాచి పనే. రాళ్లమీద పట్టే లైకెన్ ముక్కల్ని నలభైని తెచ్చి, ఒక ఉక్కు పెట్టెలో పెట్టాం. అందులో గాలి దాదాపు లేదు. వేరే గ్రహం మీదుండే చలి, అక్కడి మాడ్చే వెలుతురు. అలాంటి చోట ఇంత చిన్న ప్రాణమైనా నిలుస్తుందా అన్నదే మా ప్రశ్న. ముప్పై నాలుగు రోజులు రోజుకు మూడుసార్లు ఆ మీటర్లు చూసి రాసింది నేను. ఆదివారాలు కూడా. "జ్వరంతో ఉన్న పిల్లని వదిలి పాచి దగ్గరికి పరిగెత్తే తల్లిని నిన్నొక్కదాన్నే చూశాను" అని మా ఆయన అన్న ఆదివారంతో సహా. ఆ రోజు ఆయన ఇంట్లోనే ఉన్నారు. పిల్లకి మాత్ర వేయడం ఆయనకూ చేతనవుతుందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, దారి పొడుగునా ఏడుస్తూ వెళ్లాను.

అత్తగారు పాచి మాట అన్న రోజే పెట్టె తెరిచాం. ముక్కలు బూడిదరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి రాలేలా ఉన్నాయి. ఒక్కోదానిమీద చుక్క నీళ్లు వేసి, శ్వాస కొలిచే యంత్రంలో పెట్టి కూర్చున్నాను. రెండో గంటలో తెరమీద గీత కదిలింది. సాయంత్రానికి నలభైలో ముప్పై ఒకటి ఊపిరి తీస్తున్నాయి.

ల్యాబ్ పెద్దసారు ఆయాసపడుతూ వచ్చారు. మర్నాడు పత్రికలవాళ్లు వస్తున్నారట.

"పెరిగాయని రాసెయ్యమ్మా. వినడానికి బాగుంటుంది."

"పెరగలేదు సార్. కొలిచాను. ఒక్కటి కూడా రవ్వంత పెరగలేదు. చావలేదు, అంతే."

"బతికే ఉన్నాయిగా! ఆ తేడా ఎవడు చూస్తాడు?"

అలాంటి మాట ఇంట్లోనూ విన్నాను. పీహెచ్‌డీ సీటు వచ్చిన ఏడాది, పిల్ల కాస్త ఎదగనీ అన్నారు మా ఆయన. పిల్ల ఎదిగాక, వాళ్లమ్మకి ఒంట్లో కుదుటపడనీ అన్నారు. కిందటేడు మళ్లీ అడిగితే, "ఇప్పుడు నీకేం తక్కువైంది? బాగానే ఉన్నావుగా" అన్నారు. అవును, ఉన్నాను. రోజూ లేస్తున్నాను, వండుతున్నాను, బస్సెక్కుతున్నాను. ఆ మాటకి ఎదురు చెప్పడానికి నా దగ్గర కొలత ఏదీ లేక ఊరుకున్నాను.

"నేను చూస్తాను సార్" అన్నాను.

నివేదికలో రాశాను: ముప్పై ఒకటి సజీవం. పెరుగుదల శూన్యం. కింద సంతకం పెట్టాను.

"అలాగైతే పేపర్లో నీ పేరుండదు మరి."

"ఎప్పుడుంది సార్?"

ఆయన కాగితం తీసుకుని, నా ముఖం చూడకుండానే వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి, వంటింట్లోకి వెళ్లకుండా, భోజనాల బల్ల దగ్గర కూర్చుని పీహెచ్‌డీ దరఖాస్తు నింపడం మొదలుపెట్టాను. మా ఆయన వెనకనుంచి చదివారు.

"ఈ వయసులోనా? మరి ఇల్లెవరు చూస్తారు?"

ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకి నేనే జవాబు వెతికి పెట్టేదాన్ని. ఇంకో గంట ముందు లేస్తాననో, ఆదివారమే కూరలన్నీ తరిగి పెడతాననో. ఈసారి కలం ఆపి, తలెత్తి ఆయన వైపు చూశాను.

"మీరు" అన్నాను.