కందుల మీద తెల్ల చుక్కలు

తొమ్మిదో తరం పురుగులు కందులను కాదన్నాయి. ఆ మాట చెబుతున్నప్పుడు సంపత్కుమార్ ముఖం వెలిగినట్టు, పెళ్లిచూపుల నాడు కూడా వెలగలేదని అతని భార్య వకుళాదేవికి బాగా గుర్తు.

తిరుపతి యూనివర్సిటీలో అతను నాలుగేళ్లుగా పప్పుపురుగుల్ని పెంచుతున్నాడు. గింజ మీద గుడ్డు పెడితే, పిల్ల లోపలికి తొలుచుకుపోయి, చివరికి గుండ్రటి కన్నంలోంచి బయటికొచ్చే పురుగులే. ఎనిమిది తరాలు అలసందల మీదా కందుల మీదా బుద్ధిగా గుడ్లు పెట్టినవి, ఉన్నట్టుండి కందుల జోలికే పోలేదు. అలసందల మీద మాత్రం మామూలే. వంశంలోనే మార్పు వచ్చిందని సంపత్ నమ్మకం. సోమవారం సెమినార్లో ప్రొఫెసర్ గంగాధరంగారి ముందు చెప్పాలి. థీసిస్ అంతా ఇప్పుడు దాని మీదే నిలబడింది.

“పురుగు పట్టకూడదని ఊరంతా తంటాలు పడతా ఉంటే నువ్వు కూర్చోని పెంచుతుండావు గదరా నాయనా,” అంటుంది తల్లి వరదమ్మ.

వకుళ కూడా బీఎస్సీలో జువాలజీ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువు సంపత్ సీసాలు కడగడానికి పనికొచ్చింది.

బుధవారం అతను తొమ్మిదో తరానికి వాడగా ల్యాబులో మిగిలిన కందుల డబ్బా ఇంటికి తెచ్చాడు. గుగ్గిళ్లు చేద్దామని వకుళ గింజలు నీళ్లలో పోసింది. నీళ్ల మీద రంగురంగుల జిడ్డు తేలింది.

“అత్తయ్యా, ఈ డబ్బా మీరేమైనా ముట్టుకున్నారా?”

“పోయిన నెల వారం దినాలు ఈడే గదా ఉండింది. ఊరికే వదిలేసినాడు పాపం. నేనే ఆముదం పట్టించి మూత పెట్టినా.”

“ఆయనకు చెప్పినారా?”

“చెప్పేదానికి అదేమన్నా విశేషమా?”

వకుళ డబ్బాకు మూత పెట్టేసింది. ఉత్త అనుమానాన్ని తీసుకెళ్లి నాలుగేళ్ల పని మీద పడేయడం ఆమెకు నచ్చలేదు. పైగా, నిజం చెప్పాలంటే, ఏమవుతుందో చూడాలనిపించింది.

అంగడి నుంచి కందులు తెప్పించింది. ఒక హార్లిక్స్ సీసాలో అలాగే పోసింది. రెండో సీసాలోవాటికి ఆముదం పట్టించింది. మూడో సీసాలో ల్యాబు డబ్బాలో మిగిలిన కందులు. ఇక పురుగులు కావాలి. వరదమ్మ ఏలే ఇంట్లో పురుగు దొరకడమా! పక్కింటికి వెళ్లింది.

“అక్కా, మీ ఇంట్లో పురుగు పట్టిన అలసందలు ఉండాయా?”

పక్కింటి చంద్రకాంతమ్మ ముఖం ఎర్రబడింది. “ఎవురు సెప్పినారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు. నాకే కావాలి.”

“అయ్యో, మొగుడు సాలక నువ్వు గూడా మొదులుపెట్టినావా?”

కాసేపటికి పెరటి గోడ మీదుగా పొట్లం వచ్చింది. “మీ అత్తకు మాత్రం సెప్పొద్దు తల్లీ.”

సీసాకు ఇరవై పురుగులు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, వరదమ్మ ఆముదపు చేతికి అందకుండా అటకెక్కించింది. రోజుకు మూడుసార్లు నిచ్చెనెక్కింది. ఏం వెతుకుతున్నావని అత్త అడిగితే, పాత ఇత్తడి చెంబని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం సంపత్ సెమినార్ చార్టు రాస్తుంటే, కాఫీతో పాటు మూడు సీసాలూ పెట్టింది.

“ఏమిటివి?”

“మీ కొత్త వంశం. నాకు మొదటి తరంలోనే వచ్చేసింది.”

అతను భూతద్దం తీశాడు. మొదటి సీసాలో గింజకు రెండు మూడు తెల్ల చుక్కలు, సున్నం చిలకరించినట్టు. అన్నీ గుడ్లే. మిగతా రెండింట్లో చుక్క లేదు. బతికిన పురుగులు గింజల మీద దిగకుండా మూతిగుడ్డను పట్టుకుని వేలాడుతున్నాయి. వకుళ డబ్బా కథ చెప్పింది. కాఫీ చల్లారింది.

“పురుగులు యాడివి?” అన్నాడు చివరికి.

“పేరు చెప్పనని మాటిచ్చినాను.”

అతను చార్టు మీద ‘కొత్త వంశం’ అన్న మాట కొట్టేశాడు.

“రేపు ఏం చెబుతారు?”

“జరిగింది చెబుతా. నవ్వుతారు.” మళ్లీ భూతద్దం రెండో సీసా మీదికి పోయింది. “వకుళా, ఇవి భయపడేది వాసనకా, జిడ్డుకా?”

“నువ్వుల నూనెతో ఇంకో సీసా పెడితే తెలుస్తుంది. సీసా కడిగి ఆరబెట్టినాను.”

సంపత్ లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. “అమ్మా, డబ్బాకు ఆముదం ఎంత పట్టించినావు?”

“గింజ నిగనిగలాడేంత.”

“అంటే ఎంత?”

“ఎంతంటే ఏం చెప్పేదిరా? గింజ జారాల, చేతికి అంటకూడదు. అంతే.”

అతను ఆముదం సీసా మీద నూనె మట్టానికి పెన్సిలుతో గీత గీసి, అంగడి కందులతో పాటు తల్లి చేతికిచ్చాడు.